బిస్మిల్లా బీ గడపకు ఆనించిన కర్ర

సక్కుబాయి నోటికి ఊరంతా జడుస్తుంది. గుట్టకు కావలి కాయడంలో మాత్రం ఆమె తరువాతే ఎవరైనా. లక్సెట్టిపేటకు ఇవతల, గోదావరి కనిపించేంత దగ్గర్లో ఉన్న ఆ గుట్టను రాయి కోసం తొలిచేయడానికి మిషన్లు వచ్చిననాడు వాటి ముందు మొదట కూర్చున్నది ఆమే. ఆమె పక్కన వచ్చి కూర్చున్న రెండో మనిషి బిస్మిల్లా బీ.

మిషన్లు తిరిగిపోయాక ఊరు ఒక కట్టు పెట్టుకుంది. ఎండాకాలమంతా ఇంటికొకరు, వంతులవారీగా, గుట్ట మీద నిప్పు పుట్టకుండా చూడాలి. పొద్దుగూకి దిగివచ్చిన మనిషి కావలి కర్రను తరువాతి ఇంటి గడపకు ఆనించాలి. తెల్లారి కర్ర ఎవరి గడపలో ఉంటే వంతు వాళ్లది, మారుమాట లేదు. రంజాన్ నెలలో మాత్రం బిస్మిల్లా బీ ఇల్లు దాటించి, పక్కనున్న హనుమండ్లు గడపకు ఆనిస్తారు. ఆమె ఆ వంతును శ్రీరామనవమి నాడు, ఊరంతా పెండ్లి పందిట్లో ఉన్నప్పుడు కాస్తుంది.

ఆ ఏడు రంజానూ ఇప్పపూల కాలమూ ఒక్కసారే వచ్చాయి. చెట్టు కింద ఎండుటాకు ఉంటే రాలిన పూలు కనబడవు. అందుకని ముందునాడే ఆకు కాల్చేస్తారు. అందరూ చేసే పనే. బిస్మిల్లా బీ మాత్రం బోరింగు దగ్గర పదిమందిలో, ఆకు ఊడ్చుకోవాలి గాని కాల్చొద్దని అన్నది. గుట్టను కాసేవాళ్లే నిప్పు పెడితే ఇక చెప్పేదెవరికని కూడా అన్నది. పేరెత్తలేదు గాని సక్కుబాయికి తల కొట్టేసినట్టయింది.

ఆ రోజు కావలి వంతు సక్కుబాయిదే. దిగివస్తూ గుట్ట అడుగున తన ఇప్పచెట్టు కింద పంతానికి ఆకు కాల్చింది. ఆరిందని కాలితో తొక్కి చూసుకుంది. ఊళ్లోకి వచ్చి, అదే పంతంతో కర్రను బిస్మిల్లా బీ గడపకు ఆనించింది. రోజా పట్టి ఒక్కపొద్దున్న మనిషి కొట్లాటకు వస్తుంది గదా, అప్పుడు నాలుగు కడిగేద్దామనుకుంది.

తెల్లారేసరికి గడపలో కర్ర లేదు. కొట్లాటా రాలేదు. హనుమండ్లుకు ఇచ్చేసి ఉంటుందనుకొని, సక్కుబాయి పూలు ఏరుకొచ్చి వాకిట్లో ఆరబోసింది. కోపం మాత్రం ఇంకా ఆరలేదు.

మధ్యాహ్నం గాలి లేచింది. పశువులకు కుడితి పెడుతూ తలెత్తి చూస్తే గుట్ట అడుగున పొగ. సరిగ్గా తన చెట్టు దిక్కే. వేరు తొర్రలో నిప్పు మిగిలిపోయిందని ఎవరూ చెప్పనక్కర్లేకుండానే ఆమెకు తెలిసిపోయింది. పరుగున హనుమండ్లు ఇంటికి పోతే, అతను అన్నం ముందు కూర్చొని ఉన్నాడు. కావలి వదిలి తింటున్నావా అని మీద పడింది.

"నాకు కర్ర రాలే," అన్నాడతను బిత్తరపోయి. "బీ అక్క కోడికూతకే పోయింది. నేను పోతనన్నా ఇయ్యలే. కర్ర నా గడపకొచ్చింది, నేనే పోవాలె అన్నది."

కావలికి పోయే ఎవరైనా నీళ్లు పట్టుకుపోతారు. ఒక్కపొద్దున్న మనిషి పట్టుకుపోదు. గుట్ట పైన నీటి చెలిమె ఎప్పుడో ఎండిపోయింది. మంట కిందినుంచి మీదికి పాకుతోంది, దారి ఒక్కటే.

డప్పు మోగింది. జనం పచ్చికొమ్మలు విరుచుకొని మంటను కొట్టడం మొదలుపెట్టారు. సక్కుబాయి నీళ్ల బిందె చంకనెత్తుకొని, వద్దంటున్నా వినకుండా, పక్కనున్న బండల మీదుగా ఎక్కింది. వెదురు పొదలు పటపటా పేలుతున్నాయి. మోదుగుపూలేవో మంటలేవో ఆనవాలు పట్టలేకపోయింది. అక్కా అని ఎన్నిసార్లు కేకేసినా పలుకు లేదు. ఎండిన గొంతు ఏం పలుకుతుంది? గుట్ట పోతే పోయింది గాని ఆ మనిషిని మిగల్చమని, ఆ గుట్ట కోసమే మిషన్లకు అడ్డం కూర్చున్న సక్కుబాయి ఏడుస్తూ మొక్కింది.

అప్పుడు పొగలోంచి బరబరమని చప్పుడు వినిపించింది. ఎవరో ఊడుస్తున్నారు.

బిస్మిల్లా బీ నడుము వంచి, ఆకుల కొమ్మతో గుట్ట నడుమ అడ్డంగా ఊడ్చుకుంటూ పోతోంది. ఆమె వెనక నేల నున్నగా మట్టి తేలి ఉంది. మంట ఆ మట్టిదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క, అక్కడే కూలబడి పొగ కక్కుతోంది. పైనున్న అడవికి చిటికెడు సెగ తగల్లేదు. ఆమె మొహమంతా మసి, పెదవులు పగిలి నెత్తురు.

సక్కుబాయి బిందె ముందు పెట్టి, ప్రాణం మీదికొచ్చినప్పుడు దేవుడు కూడా ఏమీ అనడు, తాగమని బతిమాలింది. బిస్మిల్లా బీ బిందె ఎత్తి, మట్టి అంచున ఇంకా కణకణమంటున్న మోడు మీద గుమ్మరించింది.

"నాకంటె దీనికే దూప ఎక్కువున్నది, చెల్లె," అన్నది గీరుకుపోయిన గొంతుతో.

సక్కుబాయి ఖాళీ బిందె అందుకుంటూ అన్నది: "నిప్పు నాదే అక్కా. కర్ర పెట్టింది గూడ నేనే, కావాలనే పెట్టిన."

"పొగ యాడికెళ్లి లేసిందో పైకెళ్లి కనపడ్తది గద."

బిస్మిల్లా బీ మళ్లీ కొమ్మ అందుకుంది. తిట్టినా బాగుండేదనిపించింది సక్కుబాయికి. బండకు ఆనించి ఉన్న కర్ర అందుకోబోయింది. ఇక దిగిపొమ్మని, మిగతా పొద్దు తాను కాస్తానని అన్నది.

బిస్మిల్లా బీ కర్రను తన దిక్కు లాక్కుంది.

"పొద్దుగూకలే," అన్నది. "నా వంతు ఇంక ఒడువలే. నువ్వు ఒక కొమ్మ విరుచుకో, ఆ దిక్కుకెళ్లి ఊడ్సుకుంట రా."