మసిబావ పొడి

పరిశోధనశాలలో ఆయన్ని అందరూ మసిబావ అనేవారు. ఎంత తోముకున్నా గోళ్ల సందుల్లోంచి నల్లటి మసి వదిలేది కాదు. ఆ పేరు పెట్టింది స్వయానా ఆయన బావమరిదే. ఇద్దరిదీ ఒకే చోట ఉద్యోగం. బావ పొడి తయారు చేస్తే, బావమరిది దాన్ని పరీక్షించేవాడు.

"నువ్వు వండు బావా, వంకలు నేను పెడతా."

"మీ అక్క దగ్గర నేర్చిన విద్యేగా!" అనేవాడు బావ.

ఫ్యూయల్ సెల్లులో హైడ్రోజనూ, గాలిలోని ఆక్సిజనూ కలిసి నీరవుతూ కరెంటునిస్తాయి. ఆ పని చురుగ్గా సాగాలంటే ప్లాటినం ఉండాలి. ప్లాటినం ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాదు. అందుకే బావ అందులో కోబాల్టు కలిపి, ఆ మిశ్రమాన్ని కంటికి ఆనని రేణువులుగా మసికి అంటించేవాడు. తక్కువ ప్లాటినంతో ఎక్కువ పని జరిగేది. కానీ సెల్లు లోపలంతా ఆమ్లం. కోబాల్టు మెల్లమెల్లగా కరిగి జారిపోయేది. దాన్ని జారిపోకుండా నిలబెట్టాలని బావ ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నాడు. చివరికి కొలిమి వేడి మార్చి ఓ కొత్త పొడి చేశాడు. "ఈసారి వంక పెట్టు చూద్దాం" అంటూ దాన్ని బావమరిది చేతికిచ్చాడు. అది పరీక్ష బెంచి మీదకి ఎక్కిన కొద్ది రోజులకే బావ కాలేయంలో క్యాన్సరు గడ్డ ఉందని తేలింది. ఆస్పత్రిలో చేర్చారు.

మంచం మీద పడుకుని కూడా ఆయన అడిగేది ఒక్కటే. "బెంచి ఎలా ఉందిరా?"

బెంచి బాగా లేదు. సెల్లు వోల్టేజి మొదటి వారం నుంచే దిగజారుతోంది. ఆ సంగతి తెలిసి అక్క తమ్ముణ్ణి వార్డు బయటికి లాక్కెళ్లింది.

"బాగుందని చెప్పు."

"ఆయనకి అబద్ధం చెప్పలేనక్కా. నా మొహం చూస్తేనే పట్టేస్తాడు."

"మొహం అటు తిప్పుకుని చెప్పు. ఈ స్థితిలో ఆ మాట ఆయన చెవిన పడకూడదు. నా మీద ఒట్టు."

అతను లోపలికి వెళ్లి, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "గీత గీసినట్టు నిలబడింది బావా. నీ పొడి గెలిచింది."

బావ పట్టుకోలేదు. నమ్మేశాడు. కళ్లు మూసుకుని చాలాసేపు నవ్వుతూనే ఉండిపోయాడు. ఆ సాయంత్రం ఎవరూ బతిమాలకుండానే కడుపు నిండా తిన్నాడు. పక్క మంచం ముసలాయనకి ఫ్యూయల్ సెల్లంటే ఏమిటో ఓపిగ్గా వివరించాడు.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి, మందు మార్చి ఇంకో విడత వైద్యం చేద్దామంది. కష్టంగానే ఉంటుంది, కానీ కొంతకాలం దొరుకుతుందని చెప్పింది.

"వద్దమ్మా" అన్నాడు బావ, తేలిగ్గా. "నా పని అయిపోయింది. ఇంటికి పంపించెయ్యండి."

అక్క నిర్ఘాంతపోయింది. ఏడ్చింది, తిట్టింది, అలిగి మాట్లాడడం మానేసింది. ఆయన వినలేదు. పైగా ఆమె చెయ్యి నిమురుతూ, "నాకేం లోటు చెప్పు?" అన్నాడు.

ఆమె తిన్నగా పరిశోధనశాలకే వెళ్లి, బెంచి దగ్గరున్న తమ్ముడి ముందు నిలబడింది.

"నీ మంచి మాట విని ఆయన పోవడానికి మూట సర్దుకున్నాడురా. వెళ్లి నిజం చెప్పు."

"నువ్వేగా ఒట్టు పెట్టించుకున్నావు!"

"ఇప్పుడు నేనే తీసేస్తున్నా. వెళ్లు."

అతను వెళ్లేసరికి బావ చొక్కా మార్చుకుని, ఇంటికి బయల్దేరడానికి సిద్ధంగా కూర్చున్నాడు.

"బావా, నీ పొడి పడిపోయింది."

"ఏమన్నావ్?"

"వోల్టేజి మూడో వంతు పోయింది. మొదటి వారం నుంచే పడుతోంది. అక్క చెప్పమంటే అబద్ధం చెప్పాను."

బావ గోడ వైపు తిరిగాడు. ఆయన భుజాలు చూస్తూ బావమరిది బిక్కచచ్చిపోయాడు. చేతులారా చంపేశాననుకున్నాడు. గోడ వైపు నుంచే మాట వినిపించింది.

"సెల్లు మధ్య పొరలో చూశావా? కోబాల్టు కరిగి అందులోకి ఎంత దిగింది?"

"చాలా దిగింది."

"ఒరేయ్, పైపైన ఉన్నది వదులుగా ఉందిరా! దాన్ని మనమే ముందు ఆమ్లంతో కడిగేసి, మళ్లీ కొలిమిలో పెట్టాలి. అప్పుడు పైన ప్లాటినం తొడుగులా పట్టుకుంటుంది. పోయేదేదో మన గిన్నెలోనే పోవాలి గానీ సెల్లులోకెళ్లాక పోతే కొంప మునుగుతుంది." అప్పుడు ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అబద్ధాలాడటం మీ వంశంలోనే ఉందిరా. ఆ డాక్టరమ్మని పిలు."

వైద్యం మొదలైంది. అది వైద్యంలా కాక శిక్షలా సాగింది. గుక్కెడు నీళ్లు తాగినా కక్కేవాడు. నోరంతా పుళ్లు. నొప్పితో మెలికలు తిరుగుతూనే మధ్యలో, తను చెప్పినట్టు పొడి కడుగుతున్న బావమరిదిని "ఎంత వేడిలో పెట్టావురా?" అని అడిగేవాడు. అక్క గిన్నె పట్టుకుని పక్కనే ఉండేది. ఒకరోజు ఆయన ఆమె కొంగు పట్టుకుని, "ఇంక చాలు, ఇంటికెళ్దామే" అన్నాడు. అప్పటికే కదిలించే పరిస్థితి దాటిపోయింది.

కడిగిన పొడి ఆరుతుండగా, ఓ ఉదయం ఆయన పోయాడు.

బావమరిది ఆ పొడిని సెల్లులో పెట్టి ఓపిగ్గా పరీక్షించాడు. మునుపటికన్నా బాగా నిలబడింది గానీ, ఆశించినంత కాలం నిలబడలేదు. పై అధికారులు ఇంకో బృందం చేసిన పొడిని ఎంచుకున్నారు. బెంచి వాళ్లకి అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. బావ సెల్లుని అతనే విప్పి, గొట్టాలు ఊడదీసి, ప్లాటినం తిరిగి రాబట్టే విభాగానికి పంపేశాడు.

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్లాడు. ఆమె గుమ్మంలోనే అడిగింది.

"నిలబడిందా?"

"కొంత."

"కొంతంటే?"

"ముందరి దానికన్నా నయం. కానీ దాన్ని తీసుకోలేదక్కా."

ఆమె కుర్చీలో కూలబడింది. "ఆ కొంత కోసం ఆయన్నంత నరకంలో పెట్టానా? నవ్వుతూ ఇంటికొస్తానన్నవాణ్ణి..."

కడుగుదామన్న ఆలోచన బావదేననీ, పడిపోయిందని వినగానే ఆయన కళ్లలో ప్రాణం లేచొచ్చిందనీ చెప్పాలనుకున్నాడు. కానీ "ఇంక చాలు" అన్న మాట అతనూ విన్నాడు.

"తెలీదక్కా" అన్నాడు.

ఆయన పోయినరోజు అక్క అందరి ముందూ బిగపట్టుకున్న ఏడుపు అప్పుడు బయటపడింది. అతను చెప్పులు కూడా విప్పకుండా ఆమె పక్కన నేల మీద కూర్చుండిపోయాడు.