ఈ ఫోన్‌ని నమ్మకండి

నేను ఒక చచ్చిపోవలసిన ఫోన్‌ని. ఆ మాట తేల్చింది పరాయివాళ్ళు కాదు, నన్ను కన్న కంపెనీవాళ్ళే. "ఈ మోడల్‌కు ఇకపై అప్‌డేట్లు ఉండవు" అని ఒకరోజు నా తెర మీదే, నా చేతే చెప్పించారు. తన చావు కబురు తానే చదివి వినిపించవలసి వస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. అయినా నేను చావలేదు. ఎవరి మొండితనం వల్ల చావలేదో చెబుతాను. మీ ఇంట్లోనూ బట్టల కిందో, అల్మారా మూలనో నాలాంటిది ఒకటి పడి ఉండే ఉంటుంది. దాని కోసమైనా వినండి.

ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో, తెల్ల తొడుగులు వేసుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. ఒకామె ఒక బిళ్ళ అతికించి పక్కకు తోస్తే, ఇంకొకామె ఇంకో బిళ్ళ అతికించి తోసేది. ఎవరూ నా ముఖం సరిగ్గా చూసింది లేదు. ఆ తోపుల్లోనే పెరిగి పెద్దదాన్నై పెట్టెలో పడ్డాను. పెట్టె మళ్ళీ తెరుచుకునేసరికి జగిత్యాల. బస్టాండు దగ్గర ఫోన్ కవర్లు, స్క్రీన్ గార్డులు అమ్ముకునే లింబాద్రి నన్నూ నా కవలనూ ఒకేసారి కొన్నాడు. కవలను తన దగ్గర ఉంచుకున్నాడు. నన్ను తీసుకువెళ్ళి, బీడీలు చుట్టే తన అక్క గంగజల చేతిలో పెట్టాడు.

గంగజల భయపడడాన్ని కూడా ఒక పనిలా చేస్తుంది. కుక్కరు కూత వేస్తే పేలుతుందని భయం, వెయ్యకపోతే తప్పకుండా పేలుతుందని భయం. కూతురు చైత్ర బడి నుంచి ఆలస్యంగా వస్తే ఆటో బోల్తా పడిందంటుంది, తొందరగా వస్తే జ్వరమంటుంది. లారీ నడిపే భర్త రాజేశం ఫోన్ ఎత్తకపోతే ఏడుపు. ఎత్తితే, "బండి నడుపుకుంట ఫోన్ ఎందుకు ఎత్తినవ్?" అని తిట్లు. ఇవన్నీ నా గుండా వెళ్ళిన మాటలే. నన్ను చార్జింగుకు పెట్టినా, ఎక్కడ అంటుకుంటానోనని పక్కనే బీడీల చాట పెట్టుకుని కూర్చునేది. మొదట్లో నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు నవ్వను.

చైత్రకు పుట్టుకతోనే వినికిడి తక్కువ. రెండు చెవుల వెనకా చిన్న మిషన్లు పెట్టుకుంటుంది. వాటిని అమర్చిన కరీంనగర్ డాక్టరమ్మ నాలో ఒక యాప్ వేసి ఇచ్చింది. అందులో ఇంటికి ఒక బొమ్మ, బడికి ఒక బొమ్మ, బజారుకు ఒక బొమ్మ. పొద్దున పిల్ల గడప దాటే ముందు గంగజల 'బడి' బొమ్మ నొక్కేది. అంతే, ఆ రోజంతా చైత్ర చెవుల్లో ఫ్యాన్ల రొద, బెంచీల రాపిడి వెనక్కి తగ్గి, టీచరు గొంతు ముందుకు వచ్చేది. సాయంత్రం మళ్ళీ 'ఇల్లు'. నా బతుకులో నేను గర్వపడే పని ఇదొక్కటే. మిగతాదంతా పూల మీద 'శుభోదయం' అని రాసిన బొమ్మలు మోయడమే.

ఒక పొద్దున ఆ యాప్ తనంతట తాను కొత్తదై, నన్ను గుర్తుపట్టనట్టు చూసింది. "మీ ఫోన్‌లోని ఆండ్రాయిడ్ పాతది. ఈ యాప్ ఇందులో పనిచేయదు." మిషన్లు 'ఇల్లు' దగ్గరే ఆగిపోయాయి. నిశ్శబ్దంగా ఉండే ఇంటి కోసం పెట్టిన ఆ అమరికతో పిల్ల తరగతిలో కూర్చుంటే ఫ్యాను, బల్ల, పక్క తరగతి వాళ్ళ ఎక్కాలు అన్నీ ఒక్కతీరుగా నెత్తిన పడ్డాయి. చైత్ర మిషన్లు తీసి సంచిలో వేసుకుంది. మరునాడూ అంతే. ఆ తర్వాత ఇంటికి వచ్చాక కూడా పెట్టుకోవడం మానేసింది. పిలిస్తే పలకదు. తనంతట తాను మాట్లాడదు. తీసి పక్కన పెట్టడం అలవాటైతే వచ్చిన మాటలు కూడా వెనక్కి పోతాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. గంగజల భయాలన్నిటిలో నిజమవడం మొదలుపెట్టిన భయం అదొక్కటే.

"కొత్త ఫోన్ తీసుకోండమ్మా" అంది డాక్టరమ్మ. కొత్తది కొనమని చెప్పేవాళ్ళందరి గొంతూ ఒకేలా ఉంటుంది, గమనించారా? దాహమేస్తే నీళ్ళు తాగమన్నంత తేలిగ్గా ఉంటుంది. కూతురి చెవుల కోసం తన చెవుల కమ్మలు ఎప్పుడో ఇచ్చేసిన తల్లి ఆమె. ఇంకేం ఇస్తుంది?

అప్పుడొచ్చాడు లింబాద్రి. నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, నీ ఫోన్‌కు ఏం రోగం లేదు. లోపల సామాను దిట్టంగున్నది. కంపెనోడే కావాల్నని ఆపిండు. బయటోళ్ళు జేసి నెట్‌ల వెట్టిన కొత్త ఆండ్రాయిడ్ నేను ఎక్కిస్త. రూట్ గూడ జేసి పడేస్త. ఏం గాదు."

ఈ 'ఏం గాదు' అనే మాట విని నా బ్యాటరీ చల్లబడింది. నా కవలకు కూడా వీడు ఆ మాటే చెప్పాడు. అదిప్పుడు వాడి కొట్లో, గాలికి ఎగరకుండా స్క్రీన్ గార్డుల మీద బరువుగా పడి ఉంది.

"నీ ఫోన్‌కు గూడ గిట్లనే అన్నవ్ గదరా. ఏమైంది గది?" అంది గంగజల.

"గది వేరే ముచ్చట."

"ఏం వేరే? సరిగ చెప్పు."

చెప్పాడు పాపం. మా పేరుతోనే రెండు రకాల ఫోన్లు అమ్మారట. పెట్టె మీద పేరు ఒకటే, రంగు ఒకటే. మోడల్ నంబరు చివర ఒక్క అక్షరం మాత్రం తేడా. లోపలి గుండె వేరు. వాడు పేరు చూసి, ఆ రెండో రకానికి తయారుచేసిన ఫైలు దించుకుని నా కవలలోకి ఎక్కించాడు. అది మళ్ళీ కళ్ళు తెరవలేదు.

గంగజల గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇక వద్దంటుందని అనుకున్నాను. ఆమె అడగడం మొదలుపెట్టింది.

"రూట్ అంటే ఏంది?"

"ఫోన్‌ల ఉన్న అన్ని అర్రల తాళాలు నీ చేతికొస్తయ్ అక్కా. ఏదంటే అది తీసెయ్యొచ్చు, మార్చొచ్చు."

"నా చేతికేనా? లోపలికి జొరవడ్డ దొంగ యాప్ చేతికి గూడ వస్తయా?"

"నువ్వు సరే అని నొక్కితే... వస్తయ్."

"మరి నాకెందుకురా అన్ని తాళాలు? కొత్త ఆండ్రాయిడ్ ఒక్కటి చాలు."

"గట్లయితే రూట్ అక్కెర్లేదు. బూట్‌లోడర్ తాళం, గదే కంపెనోడేసిన వాకిలి తాళం, ఒక్కటి తీస్తే సరిపోతది."

"గది తీస్తే ఏం పోతది?"

"లోపలున్నయన్నీ తుడుచుకపోతయ్."

"చూసినవా! గా మాట మొదలు చెప్పాల్నా, ఆఖరుకు చెప్పాల్నా?"

నేను మీకు ఇచ్చే సలహా ఇదే. ఈ పనికి దిగేటప్పుడు 'ఏం గాదు' అనే మనిషి ఒకడు కావాలి, నిజమే. వాడు లేకపోతే పని మొదలే కాదు. కానీ వాడి పక్కన 'అయితే ఏం చేస్తవ్?' అని ప్రాణం తీసే మనిషి ఇంకొకరు తప్పకుండా ఉండాలి.

గంగజల ఫొటోలన్నీ మెమరీ కార్డులోకి ఎక్కించమంది. ఎక్కాయంటే నమ్మలేదు. కార్డు తీసి పక్కింటివాళ్ళ ఫోన్‌లో పెట్టి, ఒక్కో ఫొటో తెరిచి చూసి, చైత్ర పాకుతున్న వీడియో చివరిదాకా నడుస్తుందో లేదో కూడా చూసి, అప్పుడు నమ్మింది. కొత్త ఆండ్రాయిడ్ నచ్చకపోతే తిరిగి ఎక్కించడానికి కంపెనీవాళ్ళ పాతది దగ్గర పెట్టుకున్నావా అని అడిగింది. లింబాద్రి పెట్టుకోలేదు. పోయి దించుకొచ్చాడు. వాడి ల్యాప్‌టాప్ ప్లగ్గు తీస్తే ఆరిపోయే రకమని తెలిసి అసలే ఒప్పుకోలేదు.

"కరెంట్ పోదు అక్కా."

"నీకు చెప్పి పోతదా?"

మంచి బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ స్నేహితుణ్ణి అడిగి తెచ్చాడు. నన్ను నిండుగా చార్జింగ్ చేశారు. తీగ వదులుగా ఉందని వేరే తీగ తెప్పించింది. రాజేశం లారీ పక్కకు ఆపి మరీ ఫోన్ చేశాడు. "ఉన్న ఫోన్ గూడ ఖరాబైతే నాతోని ఎట్ల మాట్లాడుతవే?"

"పక్కింటోళ్ళ ఫోన్‌ల నుంచి తిడుత. రందివడకు," అంది గంగజల.

ఆదివారం మధ్యాహ్నం బీడీల చాట దులిపి, మెత్తటి గుడ్డ పరిచి నన్ను అందులో పడుకోబెట్టారు. లింబాద్రి ఫైలు తెరవబోతుంటే గంగజల ఆగమంది. నా వీపు తిప్పి మోడల్ నంబరు చదవసాగింది. చైత్ర మందులు తెచ్చిన ప్రతిసారీ చీటీలో పేరునూ అట్ట మీద పేరునూ వేలు పెట్టి అక్షరం అక్షరం పోల్చుకోవడం ఆమెకు అలవాటు. ఇప్పుడూ అలాగే ఒక వేలు నా వీపు మీద, ఇంకో వేలు ల్యాప్‌టాప్ తెర మీద పెట్టి కదిపింది. చివరి అక్షరం దగ్గర రెండు వేళ్ళూ ఆగాయి.

"తమ్మీ, ఈ రెండూ ఒకటి గాదు."

లింబాద్రి వంగి చూశాడు. నా కవలను మింగిన ఫైలును వాడు చెరిపెయ్యలేదు. కొత్తదాని పక్కనే, అదే పేరుతో ఉంది. తొందరలో దాన్నే తెరవబోయాడు.

ఆమె వాణ్ణి తిట్టలేదు. "గది ముందు తీసెయ్," అంది. తీసేశాడు. సరైనదాన్ని మళ్ళీ పోల్చింది. మొదటి నుంచి చివరికి ఒకసారి, చివరి నుంచి మొదటికి ఒకసారి.

"గీ కొత్తది ఎక్కినంక మిషన్ల యాప్ తెరుచుకుంటదా?"

"ఎక్కినంకనే తెలుస్తదక్కా. కొన్ని యాప్‌లు తాళం తీసిన ఫోన్‌ను నమ్మయ్. బ్యాంకు యాప్‌లైతే అసలే నమ్మయ్."

"ఇప్పుడు మాత్రం తెరుచుకుంటున్నదా? కానియ్."

తాళం తీశారు. అది నొప్పి కాదు. కొళాయి కట్టేసినట్టు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఫొటోలు, రాజేశం తిట్లు తిన్న కాల్స్, శుభోదయాలు, అన్నీ పోయాయి. నాకు మిగిలింది కింద మెత్తటి గుడ్డ, పైన ఇద్దరి ఊపిరి. తర్వాత తీగ గుండా కొత్తది రావడం మొదలైంది. ప్లగ్గును ఎవరూ ముట్టకుండా గంగజల గోడకు ఆనుకుని అక్కడే కూర్చుంది. చైత్ర తలుపు దగ్గర నిలబడి, చెవులు ఖాళీగా, మా ముగ్గురినీ చూస్తోంది.

ఎక్కడం అయిపోయింది. లేవమని నొక్కారు. తెర మీద ఒక సున్నా తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. మొదటిసారి లేచేటప్పుడు చాలాసేపు పడుతుంది. ఆ సంగతి లింబాద్రికి తెలుసు. ఎన్నోసార్లు వాడే ఇతరులకు చెప్పి ఉంటాడు. కానీ కవల తెర నల్లబడిన రోజు గుర్తొచ్చిందేమో, వాడు ఆగలేకపోయాడు.

"అక్కా, ఇరికినట్టుంది. బంద్ చేసి మళ్ళ లేపుత."

వాడి వేలు నా పక్క బటన్ మీదికి వచ్చింది. ఆ క్షణంలో ఆపితే నా గతి కవల గతే అవుతుందేమోనని వణికాను. గంగజల వాడి చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు."

"నీకు భయం అయితలేదా?"

"నేను పొద్దుగాలనే గది సచ్చిపోయిందనుకున్నరా. ఏడ్సుడు గూడ అయిపోయింది. ఇప్పుడు కొత్తగ భయపడేటందుకు ఏం లేదు. నువ్వు చెయ్యి తియ్."

తీశాడు. సున్నా తిరిగింది. గంగజల బీడీ కూడా చుట్టకుండా నన్నే చూస్తూ కూర్చుంది. డాక్టరమ్మ పరీక్ష గది బయట కూర్చుని కూర్చుని ఆమెకు ఎదురుచూడడం బాగా వచ్చు.

నేను లేచాను.

అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పను. వేలిముద్ర పనిచెయ్యడం మానేసింది. ఫొటోలు కాస్త పసుపుగా వస్తున్నాయి. స్విచాఫ్ చేసి ఆన్ చేసిన ప్రతిసారీ, 'ఈ ఫోన్ తాళం తీసి ఉంది, దీన్ని నమ్మకండి' అనే అర్థం వచ్చే హెచ్చరిక నా ముఖం మీద తెల్లటి అక్షరాలతో పడుతుంది. కంపెనీవాళ్ళు పోతూ పోతూ వేసిన ముద్ర అది. పడనివ్వండి. వాళ్ళు నమ్మిన రోజుల్లో నాకు చేసిందేముంది?

మిషన్ల యాప్ దించారు. గంగజల కళ్ళు మూసుకుని నొక్కింది. తెరుచుకుంది. పాస్‌వర్డ్ డాక్టరమ్మను అడిగి ముందే కంఠతా పట్టి ఉంది కాబట్టి లోపలికి వెళ్ళింది. ఇల్లు, బడి, బజారు, మూడు బొమ్మలూ వచ్చాయి. లింబాద్రి గోడకు చేరగిలబడి, "నేను చెప్పలే, ఏం గాదని?" అన్నాడు. ఆమె చాటతో వాడి భుజం మీద ఒకటి వేసింది.

సోమవారం పొద్దున చైత్ర మిషన్లు వద్దని తల తిప్పేసింది. గంగజల బతిమాలి పెట్టి, 'బడి' నొక్కి పంపింది. రోజంతా ఆమె చేతిలో బీడీలు వంకరగానే వచ్చాయి. పిల్ల మళ్ళీ తీసేసి ఉంటుందని, పారేసి ఉంటుందని, పారేసి అబద్ధం కూడా చెబుతుందని తేల్చుకుంది.

సాయంత్రం చైత్ర వచ్చింది. మిషన్లు చెవులకే ఉన్నాయి. సంచి దించకుండానే మాట్లాడింది. ఎన్నాళ్ళకో తనంతట తాను మాట్లాడింది.

"అమ్మా, నా ఎనుక బెంచిల పొల్ల శ్రావ్య లేదా? పక్కదానితోని 'దీనికేం ఇనవడది, చెవిటిది' అన్నది."

గంగజల ముఖం ముడుచుకుపోయింది. "అయ్యో బిడ్డా..."

"నాకు ఇనవడ్డది. ఎనుకకు తిరిగి ఇనవడ్డదని చెప్పిన. దాన్ని గూడ ఒక తిట్టు తిట్టిన."

"అయ్యో, ఏం తిట్టినవే? దాని అవ్వ మనింటి మీదికి కొట్లాటకు వస్తదేమో!"

"రానియ్," అంది చైత్ర.

ఆవిడ ఇంకా రాలేదు. గంగజల మాత్రం గేటు చప్పుడైతే చాలు, వచ్చేసిందని లేచి నిలబడుతోంది. వస్తే రానివ్వండి. ఎంత గట్టిగా అరవాలనుకుంటే అంత అరవనివ్వండి. మా ఇంట్లో ఇప్పుడు అందరికీ వినపడుతుంది.