రేపటి కోటా

వంటింటి అలమారా తలుపు మీద ఒక పెద్ద కాగితం అంటించి ఉంది. అయిదు దేశాలు, అరవై రెండు రోజులు, వీపున తలా ఒక సంచి. పడకకి ఎంత, తిండికి ఎంత, బస్సుకి ఎంత, సరిహద్దు దాటడానికి ఎంత అని పెన్సిలుతో గీసిన గళ్ళు. ఆ గళ్ళు గీసినవాడు పోయి ఏడు నెలలైంది. కాగితం మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అక్కడే ఉంది. దాన్ని పీకేయడానికి ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరికీ చెయ్యి రాలేదు.

అతను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసేవాడు. భార్య కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు తూచేది. ఆయనగారికి మిల్లీమీటరు తేడా వస్తే నిద్ర పట్టదు, ఈవిడగారికి గ్రాము తేడా వస్తే ముద్ద దిగదు. అలాంటి ఇద్దరూ కలిసి కూర్చుని ప్రయాణానికి బడ్జెట్ వేస్తే ఎలా ఉంటుంది? టూత్‌పేస్టు ట్యూబు మీద కూడా ఏ దేశంలో ఎంతవరకు నొక్కాలో గీతలు గీసుకున్నారు. అతని తల్లి అది చూసి పడీ పడీ నవ్వింది. ఆవిడ ఇరవై తొమ్మిదేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే టూత్‌పేస్టుకి వాటాలా?" అంది.

ఇంకెవరి బుర్రలోనూ పుట్టని ఆలోచన ఒకటి ఆ మొగుడూ పెళ్ళాలకి పుట్టింది. కాగితం మీద లెక్కలు ఎవరైనా వేస్తారు, అవి కాకిలెక్కలో కావో తేలాలంటే బతికి చూడాలి కదా. అందుకని బయల్దేరే ముందు ఒక నెలపాటు, ఉన్న ఊళ్ళోనే, ప్రయాణంలో రోజుకి ఎంత ఖర్చు పెట్టాలనుకున్నారో అంతే ఖర్చు పెట్టి బతకాలనుకున్నారు. దానికి ట్రయల్ నెల అని పేరు పెట్టారు. అతను షాపుకి కూడా తొమ్మిది కిలోల సంచి వీపున వేసుకునే వెళ్ళేవాడు. నియమం ఒక్కటే. రేపటి కోటా ఇవాళ ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది భార్య. ముక్కూ మొహం తెలియని దేశంలో రేపటిది ఇవాళే తినేస్తే, ఎల్లుండి పిలిచి పెట్టేవాళ్ళెవరు అంది. ఆ మాటలో తప్పేం లేదు. ఇప్పుడు తలచుకున్నా తప్పు కనిపించదు, అదే ఆమెని కాల్చుకు తినేది.

ఇరవై మూడో రోజు సాయంత్రం ఆరున్నరకి అతను ఆమె ఆఫీసుకి ఫోన్ చేశాడు. సంచి పట్టీ తెగితే కుట్టించాననీ, జేబులో పైసా మిగల్లేదనీ చెప్పాడు.

"రేపటి దాంట్లోంచి టికెట్టు కొనుక్కోనా?"

"కొంటే ఓడిపోయినట్టే. నాలుగు కిలోమీటర్లేగా, నడిచి రా" అంది ఆమె. నవ్వుతూనే అంది. అతనూ నవ్వాడు.

దారిలో ఒక పొడుగాటి వంతెన ఉంది. దాని మీద మనుషులు నడిచే బాట లేదు, ఎందుకంటే అది బండ్ల కోసం కట్టింది. వెనక నుంచి వచ్చిన లారీ అతన్ని సంచితో సహా ఎత్తి పడేసింది.

బస్సుండగా ఎందుకు నడిచాడని అందరూ అడిగారు. "ఆయనకి నడకంటే ఇష్టం" అని కోడలు చెప్పింది. "అవును, వాడికి చిన్నప్పటినుంచీ కాళ్ళకి బలపాలే" అని పక్కనుంచి అత్తగారు వంత పాడింది. ఆ రోజు నుంచి ఆ అబద్ధం వాళ్ళతో పాటు ఆ రెండు గదుల్లోనే కాపురం ఉంటోంది.

అదొక్కటే కాదు. రోజూ సాయంత్రం ఏడుంపావుకి మెట్ల మీద అడుగుల చప్పుడయ్యేది. నిదానంగా, బరువు మోస్తున్న మనిషి ఎక్కినట్టు. సంచి బకిల్ కటకటమనేది. సరిగ్గా తలుపు ముందుకొచ్చి ఆగేది. ఆ తర్వాత తలుపు తట్టడం ఉండదు, తిరిగి దిగిపోవడమూ ఉండదు. అత్తగారు టీవీ మీంచి కళ్ళు తిప్పి తలుపు వైపు చూసేది. కోడలు స్టవ్ దగ్గర నిలబడి తలుపు వైపు చూసేది. ఒకరు చూడటం ఇంకొకరి కంట పడేది.

"పిల్లి అయ్యుంటుంది" అనేది కోడలు.

"ఆ, పిల్లే" అనేది అత్తగారు. నడుముకి బకిల్ కట్టుకుని తిరిగే పిల్లి ఏ ఊళ్ళో ఉందో ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. కోడలికి ఒళ్ళు జలదరించేది. అయినా ఆరూ యాభై నుంచే గడియారం చూసుకునేది. రాకపోతే ఎలా అన్న భయం, వచ్చినప్పటి భయం కంటే పెద్దది.

ఒక ఆదివారం పొద్దున అత్తగారు టీ గ్లాసు పట్టుకుని కాగితం ముందు నిలబడింది.

"ఎప్పుడు బయల్దేరుదాం అమ్మాయ్?"

"ఎక్కడికి అత్తయ్యా?"

"ఈ అయిదు దేశాలకీ. ఇరవై తొమ్మిదేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాను, కానీ పన్నెండో స్టేజీ దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. ఆ డబ్బు నువ్వేం చేసుకుంటావ్, ఊరగాయ పెట్టుకుంటావా?"

"మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి మోకాళ్ళు చూసుకుంటాయి. వాడు ఇద్దరికి లెక్క వేశాడు. ఇద్దరం ఉన్నాం. కొత్తగా వెయ్యక్కర్లేదు." ఆవిడ గళ్ళ మీద వేలు పెట్టి, స్టేజీలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్క దేశమూ దాటుకుంటూ పోయింది. "కాకపోతే వాడు చేసినట్టే చేద్దాం. ముందు ట్రయల్ నెల."

"వద్దు" అంది కోడలు.

"ఎందుకొద్దు?"

ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ ఫోన్ సంగతి చెప్పాలి. కన్న కొడుకుని నడిచి రమ్మన్నది నేనేనని ఈ మనిషి మొహం చూసి చెప్పాలి. ఆ తర్వాత ఈ ఇంట్లో తనకి ముద్ద పెట్టే చెయ్యి ఉండదు. లోకంలో ఆమెకి మిగిలింది ఆ ఒక్క చెయ్యే. "మీ ఇష్టం" అంది.

మొదటి వారం ఇద్దరూ గుడ్డూ రొట్టెతో, అరటిపళ్ళతో లాక్కొచ్చారు. అత్తగారు చిల్లర లెక్కలో ఆరితేరిన మనిషి, ఆవిడ డబ్బు పొద్దుగుంకినా ఇంకా మిగిలేది. కోడలికి మాత్రం రోజు రోజుకీ గుబులు పెరిగింది. అత్తగారు సాయంత్రాలు ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చేది. ఎక్కడికని అడిగితే "కాళ్ళు ఆడించుకోవడానికి" అనేది. ఏదో ఒక రోజు డబ్బు అయిపోతుంది, ఆ వంతెన మీద నడుస్తుంది అనుకునేది కోడలు.

ఎనిమిదో రోజు కోడలు ఒక పని చేసింది. ఆవిడ స్నానానికి వెళ్ళగానే కాగితంలో బస్సు గడిలో ఉన్న అరవైని రబ్బరుతో చెరిపి, తొంభై అని రాసింది. అతని తొమ్మిదికి తోక కొంచెం పొడుగు. ఆమె కూడా తోక అంత పొడుగ్గానే లాగింది. రాసేటప్పుడు చెయ్యి ఎంత తేలిగ్గా కదిలిందంటే, పెన్సిలు తను పట్టుకుందో ఇంకెవరైనా పట్టుకున్నారో తెలియక దాన్ని కింద పడేసింది.

అత్తగారు మర్నాడే పసిగట్టింది. "ఈ గడిలో అరవై ఉండాలే. తొంభై ఎప్పుడయింది?"

"నాకు తెలీదత్తయ్యా."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని అంకె దగ్గరికి మొహం పెట్టింది. చాలాసేపు చూసింది. "వాడి తొమ్మిదే ఇది" అంది మెల్లగా. కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. తల్లిని మోసం చెయ్యడానికి కొడుకు చేతిరాతని దొంగిలించినట్టయింది.

రెండు రోజుల తర్వాత చూస్తే గడిలో మళ్ళీ అరవై ఉంది. కోడలు తొంభై చేసింది. అది మళ్ళీ అరవై అయింది. ఆ అరవై కూడా అచ్చం అతని అరవై, సున్నా పైన మూత పెట్టని చిప్పలా. నేను పెట్టిన నియమాన్ని నన్నే తప్పనివ్వడం లేదు, నా మీద నా మాటే తిప్పి కొడుతున్నాడు అనుకుంది కోడలు. ఆ సాయంత్రం మెట్ల మీద అడుగులు వినిపించినప్పుడు, "నన్ను క్షమించకపోతే పోనీ, ఆవిణ్ణి వదిలెయ్" అని తలుపుకి ఇవతల నుంచి గొణిగింది. ఆ తర్వాత గడి జోలికి వెళ్ళలేదు. ఏ సాయంత్రం ఫోన్ మోగుతుందోనని చెవులు అటే పెట్టుకుని కూర్చుంది.

ఇరవై మూడో రోజు వచ్చింది. ఆఫీసులో కోడలు ఒక పెద్ద పెట్టె తూస్తోంది. ఆరున్నరకి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, డబ్బులైపోయాయి. వంతెన దగ్గర స్టాపులో ఉన్నాను. రేపటి దాంట్లోంచి టికెట్టు కొనుక్కోనా?"

అక్షరం పొల్లు పోలేదు. కోడలికి తూకం మీద అంకెలు అలుక్కుపోయాయి. ఆ మాట లోకంలో ఇద్దరికే తెలుసు, ఒకడు మట్టిలో ఉన్నాడు.

"కదలొద్దు అత్తయ్యా! ఉన్నచోటే ఉండండి, నేనొస్తున్నా" అని అరిచింది. పెట్టె తూకం మీదే ఉంది, కస్టమరు నోరు తెరుచుకుని ఉన్నాడు. ఆమె పరిగెత్తింది.

స్టాపులో బెంచీ మీద అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎదురుగా వంతెన. బండ్లు ఒకదాని వెనక ఒకటి రొద చేసుకుంటూ పైకి ఎక్కుతున్నాయి. కోడలు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడింది. ఏడు నెలల మాట ఒక్క ఊపిరిలో బయటపడింది.

"నేనే నడిచి రమ్మన్నా అత్తయ్యా. ఆయన టికెట్టు కొనుక్కుంటానన్నాడు, నేనే వద్దన్నా. నవ్వుతూ అన్నా. నేనే చంపేశా."

"తెలుసు" అంది అత్తగారు.

కోడలు తలెత్తింది.

"అంతా తెలుసు. నువ్వు వద్దన్నాక వాడు నాకు ఫోన్ చేశాడు. 'అమ్మా, రేపటి దాంట్లోంచి టికెట్టు కొనుక్కోనా అంటే వద్దంటోంది. నువ్వు ఒక్క మాట చెప్పు దానికి' అన్నాడు." ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు. స్టేజీ పేర్లు అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు అది. "నేనేమన్నానో తెలుసా? ఇరవై తొమ్మిదేళ్ళలో టికెట్టు లేనివాణ్ణి ఒక్కణ్ణి కూడా ఎక్కనివ్వలేదురా, కన్నకొడుకువైతే మాత్రం ఎక్కిస్తానా, దిగి నడు అన్నా. వాడు పగలబడి నవ్వాడు. సరే కండక్టరుగారూ అని పెట్టేశాడు. నేను ఒక్క మాట కొనుక్కో అని ఉంటే కొనుక్కునేవాడు. తల్లి మాట కదా, ఓడినట్టు కూడా కాదు."

అత్తగారు వంతెన వైపు చూసింది.

"ఆ గడిలో తొంభైని నేనే చెరిపాను. పెంచుకున్న డబ్బుతో అయితే చేతిలో పైసా లేని ఈ రోజు రాదు. రోజూ సాయంత్రం ఇక్కడికొచ్చి కూర్చుంటున్నా, నడుద్దామని. వాడు నడిచినంత దూరం నడిచి చూద్దామని. ఇవాళ లేచాను కూడా. కానీ ముందు నీకు ఫోన్ చెయ్యాలనిపించింది. నువ్వేమంటావో వినాలనిపించింది. నడిచి రమ్మంటే నడిచేదాన్నే."

కోడలు ఆవిడ మోకాళ్ళు గట్టిగా పట్టుకుంది. ఆవిడ చెయ్యి కోడలి తల మీద పడింది, అక్కడే ఉండిపోయింది. గది అద్దె అయితే ఇద్దరు పంచుకుంటే సగమవుతుంది, కాగితం నిండా అలాంటి సగాలే. ఈ తప్పు సగం కాలేదు. ఇద్దరికీ పూర్తిగా వచ్చింది. కాకపోతే ఇన్నాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఎవరి ముద్ద వాళ్ళు మింగారు, ఇప్పుడు ఒకరి ఏడుపు ఒకరు విన్నారు.

బస్సొచ్చింది. "ఎక్కేవాళ్ళు ఎక్కండి, త్వరగా!" అని లోపలి నుంచి కండక్టరు అరిచాడు. అత్తగారు మెట్టు దగ్గర ఆగిపోయింది. చేతిలో డబ్బు లేకుండా బస్సు ఎక్కడానికి ఆవిడ కాలు లేవలేదు. కోడలు నడుం పట్టుకుని ఎక్కించింది, పర్సులోంచి నోటు తీసి రెండు టికెట్లు కొంది. అది ఏ రోజు డబ్బని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

కిటికీ పక్కన అత్తగారు కూర్చుంది. వంతెన మొదలవగానే కోడలి చెయ్యి పట్టుకుంది. కోడలు కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి బస్సు అవతలి వైపు దిగిపోయింది. వంతెన దాటడానికి దానికి నిమిషం కూడా పట్టలేదు.