శరణు కడియం

నేను ఒక కంచు కడియాన్ని. ఇంగ్లండు ఉత్తర భాగంలో, ఒక పెద్ద మఠం తలుపు మీద, సింహం నోట్లో వేలాడుతూ బతికాను. సింహం అంటున్నాను గానీ, నన్ను పోతపోసిన మనిషి పుట్టి బుద్ధెరిగి సింహాన్ని చూసినవాడు కాదు. కడుపునొప్పితో మూలుగుతున్న పిల్లిని చూసి ఆ మొహం చేశాడని నా అనుమానం. అయినా జనం దాన్ని చూసి భయపడేవాళ్లు. భయపడటానికి వాళ్లకి పెద్ద కారణం అక్కర్లేదు.

నా పని ఒక్కటే. తరుముకొస్తున్నవాళ్ల నుంచి పారిపోయి వచ్చి నన్ను పట్టుకున్న మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. దొంగైనా సరే, హంతకుడైనా సరే, చెయ్యి నా మీద ఉన్నంతసేపు రాజుగారి భటుడు కూడా లాగడానికి వీల్లేదు. మఠంవాళ్లు తలుపు తీసి లోపలికి రానివ్వాలి. కొన్నాళ్లు అన్నం పెట్టి, ఆ తర్వాత దేశం విడిచి పొమ్మని పంపేస్తారు. ఊరు పోతుంది, ఇల్లు పోతుంది, ప్రాణం మాత్రం మిగులుతుంది. దీన్ని శరణు అనేవాళ్లు. దేవుడి దయ అని కూడా అనేవాళ్లు.

ఆ దయకి మనుషుల తరతమాలు బాగా తెలుసు. ఒకసారి సొంత అన్నని పొడిచి చంపిన దొరబిడ్డ గుర్రం మీద వచ్చాడు. అతని చేతి వేడికి నేను వెచ్చబడక ముందే తలుపు తెరుచుకుంది, వెనకాలే ద్రాక్షసారా గిన్నె కూడా వచ్చింది. గొర్రెని దొంగిలించినవాడు వస్తే, ద్వారపాలకుడికి తాళంచెవి దొరకడానికి పొద్దుగూకింది. నాకు నవ్వొచ్చేది. ఆల్డిత్ వచ్చిన రోజు నుంచి మళ్లీ నవ్వలేదు.

ఆల్డిత్ కొండకింద గుడిసెలో ఉండే విధవరాలు. ఆవిడ ఇంట్లో ఒక తిరగలి ఉండేది. అదే ఆవిడ నేరం. ఊళ్లోవాళ్లందరూ గింజలు మఠంవారి మరలోనే ఆడించాలని, సోలకింత మఠానికి వదలాలని కట్టడి. ఇళ్లలో తిరగళ్లు ఉండకూడదు. మఠాధిపతి రానల్ఫ్ అయ్యగారు ఇల్లిల్లూ వెతికించి తిరగళ్లన్నీ లాక్కొచ్చి, ఏం చేశారనుకున్నారు? తన గదిలో నేలకి పరిపించారు. పొద్దున్నే లేచి ఊరందరి తిరగళ్ల మీద చెప్పులేసుకుని నడిచేవారు. పేదరికమే పరమధర్మమని ప్రసంగం చెప్పేది కూడా ఆ రాళ్ల మీద నిలబడే.

ఆల్డిత్ తన తిరగలిని గడ్డివాములో దాచుకుంది. మఠం కార్యస్థుడు ఫుల్క్ మనుషులతో వచ్చి పట్టుకున్నాడు. లాగులాటలో ఆవిడ తిరగలి పిడి ఊడబెరికి ఒకడి నెత్తిన ఒక్కటి వేసింది. వాడు అక్కడే పడి చచ్చాడు. చంపాలని కొట్టలేదు, ఆ కడుపుమంటలో చెయ్యి లేచింది. ఆపైన పరుగందుకుని వచ్చి నన్ను పట్టుకుంది. ఏళ్లతరబడి తిరగలి తిప్పిన చెయ్యి అది, కాయలు కాసి, రాయిలా ఉంది. అలాంటి పట్టు నేను ఎరగను.

ఇక్కడ వచ్చింది చిక్కు. తరిమేది మఠంవాడే, కాపాడాల్సింది మఠమే. తలుపు తీశారా, రేపటికి ప్రతి ఇంట్లో తిరగలి మోగుతుంది. చెయ్యి పట్టి లాగారా, శరణు భంగం చేశారని పట్నంలో బిషప్పుగారు రాజుకి ఫిర్యాదు చేస్తారు; ఆ బిషప్పుగారు ఈ మఠాన్ని తన గుప్పిట్లో పెట్టుకోవడానికి సందు కోసం చూస్తున్నవారే. అది సంత రోజు, ఊరంతా ముందు నిలబడి గుడ్లప్పగించి చూస్తోంది. అందుకని లోపలివాళ్లు మూడో దారి పట్టారు. తలుపు తీయలేదు, లాగనూ లేదు.

ఎండ నెత్తికెక్కింది. పొరుగింటి ముసలమ్మ హవీస మెల్లగా వచ్చి కుండతో నీళ్లు తాగించింది.

"వదలకే ఆల్డిత్. ఎంతసేపు తీయరో చూద్దాం."

"వదలను పెద్దమ్మా. తీస్తారు. దేవుడి ఇల్లు కదా."

ఫుల్క్ మెట్ల కింద కూర్చుని ఆపిల్ పండు కొరుక్కుంటున్నాడు.

నన్ను బిగించిన మేకు తలుపుని దాటి లోపలికి పొడుచుకుని ఉండేది. అందుకని లోపలి మాటలూ నాకు వినబడేవి. అయ్యగారు, ఓస్మండ్ అనే పాదిరిని పిలిచారు. ఓస్మండ్ నడివయసు మనిషి, మెత్తనివాడు, ఎవరికీ ఎదురుచెప్పలేనివాడు.

"పక్కవాకిట్లోంచి బయల్దేరి, సత్ప్రసాదం పెట్టె పట్టుకుని ఈ తలుపు ముందు నుంచి నడిచి వెళ్లు. ముందు ఒకడు గంట కొడుతూ నడుస్తాడు. చావుబతుకుల్లో ఉన్నవాళ్లెవరికో చివరి ప్రసాదం పట్టుకెళ్తున్నావని జనం అనుకుంటారు."

ఆ రోజుల్లో ఆ గంట విన్నాక నిలబడి ఉండే మనిషి లేడు. ఆ పెట్టెలోని రొట్టె సాక్షాత్తూ క్రీస్తు శరీరమని వాళ్ల నమ్మకం. అది వీధిలోంచి వెళ్తుంటే దొరైనా బురదలో మోకాళ్లూని రెండు చేతులూ జోడించాల్సిందే.

ఓస్మండ్‌కి అర్థమైంది.

"అయ్యగారూ, ప్రభువుని అడ్డం పెట్టుకుని మోసం చెయ్యడం..."

"ప్రభువుని వాడితే మహాపాపమే. నాకు తెలియదా? అందుకే పెట్టె ఖాళీగా పట్టుకెళ్లు."

"మరి గంట?"

"గంట కొట్టడం పాపమని ఏ గ్రంథంలో ఉంది?"

ఓస్మండ్ వెళ్లి ఖాళీ పెట్టె చేతికి తీసుకున్నాడు. నేను మనిషినైతే అక్కడే అరిచి ఉందును. కంచుకి అరుపెక్కడిది, ఎవడైనా కొడితే మోగడం తప్ప.

గంట మోగింది. సంతలో బేరాలు ఆగిపోయాయి. జనం వరసగా మోకాళ్ల మీదికి వంగారు. ఆల్డిత్ కూడా మోకాళ్లూనింది. ఎడం చెయ్యి గుండె మీద పెట్టుకుంది, కుడిచెయ్యి మాత్రం నా మీదే ఉంచింది. ఓస్మండ్ దగ్గరికొస్తున్నాడు. ఆవిడ చెయ్యి చెమటతో తడిసిపోయింది. పట్టు ఇంకా బిగిసింది. వదలకు తల్లీ, వదలకు అని నేను లోలోపల గింజుకున్నాను.

హవీస భయంతో బుసకొట్టినట్టు అంది. "రెండు చేతులూ జోడించవే! ప్రభువు వస్తున్నాడు. ఒంటిచేత్తో దణ్ణం పెడతావా? ప్రాణం సరే, ఆత్మ ఏమైపోను!"

ఆ ముసలిదానికి ద్రోహం తెలియదు. నిజంగానే ఆల్డిత్ నరకానికి పోతుందని బెంగపడింది.

ఆల్డిత్ చెయ్యి వదిలింది.

రెండు చేతులూ జోడించి, తల వంచి, ఖాళీ పెట్టెకి దణ్ణం పెట్టుకుంది. ఊరంతా తల వంచే ఉంది. ఫుల్క్ ఒక్కడు వంచలేదు. పెట్టె ముందుకి వెళ్లిందో లేదో, వాడు మెట్లెక్కి ఆవిడ జుట్టు పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చాచింది. వేళ్ల కొసలు నాకు తగిలాయి కూడా. అయ్యగారు కిటికీలోంచి చూసి, తగలడం వేరు పట్టుకోవడం వేరు అని తీర్పు చెప్పారు. జనం గొణిగారు గానీ, వదిలింది ఆవిడే కదా అని ఎవరికి వారు సర్దిచెప్పుకున్నారు.

ఉరికంబానికి తీసుకెళ్లే బండి వచ్చేదాకా ఆవిడని నా కిందే, గుమ్మంలో కట్టి పడేశారు. చివరిసారి ఆవిడ పాపాల ఒప్పుకోలు వినడానికి ఓస్మండ్‌నే పంపారు. ఆయన కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. ఆవిడ మొహం రక్తంగా ఉంది. పాపాలు చెప్పుకుంది, చచ్చినవాడి కోసం ఏడ్చింది. ఆ తర్వాత అడిగింది.

"ఫాదర్, ఇందాక మీరు వెళ్లారే, ఆ జబ్బుమనిషికి ప్రసాదం అందిందా?"

ఆయన మఠం తలుపు వైపు చూశాడు.

"మీ దారికి అడ్డంగా ఉన్నానేమో, నావల్ల ఆలస్యమై ఆ మనిషి ప్రసాదం అందకుండానే పోతాడేమోనని భయమేసింది."

"అందిందమ్మా," అన్నాడు ఓస్మండ్.

"అమ్మయ్య," అంది ఆల్డిత్.

బండి వచ్చింది. ఎదురుగా గుట్ట మీదే ఉరికంబం. అక్కడ జరిగింది నాకు కనిపించింది, చెప్పను. ఆవిడ తిరగలిని ఆ సాయంత్రమే అయ్యగారి గదిలో పరిచారు. ఓస్మండ్ ఆ తర్వాత నా తలుపు గుండా రాకపోకలు మానేశాడు, పక్కవాకిలే వాడేవాడు.

చాలా కాలానికి ఇంకో రాజు వచ్చి మఠాలన్నీ పడగొట్టించాడు. నన్ను ఒకడు ఊడబెరికి పశువుల కొట్టం తలుపుకి బిగించాడు, ఆపైన ఎవడో పాతసామాను కొట్లో అమ్ముకున్నాడు. ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాను, ఎవరూ ముట్టుకోకూడదు. పక్కన చిన్న పలక మీద నా గొప్పతనం రాశారు. ఈ కడియాన్ని పట్టుకున్న చేతిని ఆ మఠంవారు ఏనాడూ బలవంతంగా విడిపించలేదట. చూడవచ్చినవాళ్లు చదివి, ఆ కాలంలో ఎంత దయ ఉండేదో అనుకుంటూ ముందుకి కదులుతారు. పలక మీద ఉన్నది అక్షరాలా నిజం. ఆవిడ తనంతట తనే వదిలింది.