కడగని ఉప్పుబండ

ముత్తప్పను ఏనుగు తొక్కేసిందని తెలిశాక కూడా దీవి రిసార్టులో పాట ఆగలేదు. ఈవలి గట్టున కంబళి కప్పిన శవం, చుట్టూ గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్లు. నడుమ చెరువు. ఆవల బెంగళూరు నుంచి వచ్చిన అతిథులు గ్లాసులు పట్టుకొని పడవల కోసం వరుస కట్టారు. పడవ గైడు యతీశ్ చేతిలోని వాకీటాకీలో మేనేజరు గొంతు గరగరమంది.

"ఆ గట్టు వైపు పోవద్దు. ట్రిప్పు మాత్రం ఆపొద్దు. ఎవరైనా అడిగితే జాతర అని చెప్పు."

పడవ ఎక్కిన ఒకావిడ అడగనే అడిగింది, అక్కడ అంతమంది ఎందుకున్నారని.

"జాతర మేడమ్," అన్నాడు యతీశ్.

ఆ కంబళి కింద ఉన్నది అతని పెదనాయన. తెడ్డు వేస్తున్నంతసేపూ యతీశ్ ఆ గట్టు వైపు తల తిప్పలేదు.

హోసూరుకూ కృష్ణగిరికీ మధ్య, అడవిని ఆనుకొని ఉన్న చెరువు అది. ఆ ఊరి జనం సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అయినా కంపెనీవాళ్లు చెరువు నడుమ దిబ్బను గుత్తకు తీసుకొని, లారీలతో ఇసుక తోలించి, కొబ్బరిచెట్లను వేళ్లతో సహా తెచ్చి పాతి, దానికి సముద్రపు దీవి అని బోర్డు పెట్టారు. కయాకులు, తాడు మీద జారే ఆట, పొద్దున పక్షుల నడక, సాయంత్రం పడవలోంచి ఏనుగులను చూసే షికారు. అన్నీ కుదిరాయి గాని ఏనుగులు మాత్రం రాలేదు. ఎంత పెద్ద కంపెనీ అయినా ఏనుగుకు అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇవ్వలేదు కదా!

మేనేజరు గైడులందరినీ నిలబెట్టి చీవాట్లు పెట్టిన రోజున యతీశ్ నోరు ఊరుకోలేదు.

"మా గట్టున ఉప్పుబండ ఉంది సార్. ఉప్పు పెడితే వస్తాయి."

మేనేజరు భుజం తట్టాడు. మర్నాడే యతీశ్ తలకు ఆకుపచ్చ టోపీ వచ్చింది. గొర్రెలోళ్ల పిల్లోడు అడవిని చూపించే నేచురలిస్టు అయ్యాడని అతను ఆ రోజు పొంగిపోయాడు.

ఉప్పుబండ సంగతి గొర్రెల కాపరులకే తెలుసు. అమావాస్య ముందు రోజున ఆ చదును బండ మీద రాతిఉప్పు పొడిచేసి చల్లుతారు. మంద నాకడం అయ్యాక బిందెలతో నీళ్లు పోసి, పుల్లల చీపురుతో రుద్ది, చివరికి తడి బండను వేలితో అద్ది నాలుక మీద పెట్టుకొని చూస్తారు. ఉప్పదనం పూర్తిగా పోయేదాకా కడుగుతారు. లేకుంటే పొద్దుగూకగానే అడవి జంతువులన్నీ అక్కడికి దిగుతాయి. ఎంత ఆలస్యమైనా బండ కడగనిదే ముత్తప్ప ఇంటికి వచ్చేవాడు కాదు. యతీశ్‌కు ఆ పని నేర్పినవాడూ ఆయనే.

యతీశ్ ఉప్పు పెట్టాడు. కడగలేదు. కడిగితే ఏనుగులు రావు మరి.

ముత్తప్పను మట్టి చేసిన మర్నాడు అడవిశాఖ రేంజరు, మేనేజరు కలిసి పాల సొసైటీ ముందుకు వచ్చారు. ఊరంతా చేరింది. టోపీ పెట్టుకొని మేనేజరు వెనక నిలబడమని యతీశ్‌కు ఆర్డరు. నిలబడ్డాడు.

"మీ గొర్రెలకు పెట్టే ఉప్పే ఏనుగును పిలిచింది," అన్నాడు రేంజరు. "ఇక ఆ గట్టు మూసేస్తాం. కంచె వేస్తాం. ఒక్క గొర్రె కూడా కనబడకూడదు."

ఎండాకాలంలో పచ్చిక మిగిలేది ఆ గట్టునే. గట్టు పోతే మంద పోతుంది, మంద పోతే ఊరు హోసూరు కంపెనీల గేట్ల ముందు నిలబడాలి. మేనేజరు మాత్రం చేతులు జోడించి సానుభూతి చెప్పాడు. "పాపం, ఆ వేళప్పుడు అక్కడేం పని ఆయనకు? తాగే అలవాటేమైనా..."

ముత్తప్ప భార్య దొడ్డమ్మ లేచింది.

"తాగేదానికి పోయేటోడు బిందె ఎత్తుకోని పోతాడా? నా మొగుని పక్కన బిందె పడుండె, మీరు చూడలేదా? బండ మీద ఎవురో ఉప్పు పెట్టినారు. దాన్ని కడిగేదానికి పోయినాడు నా మొగుడు. అది మా ఉప్పు కాదు. అమాస యాడుంది ఇంకా?"

యతీశ్ టోపీ అంచు కిందికి లాక్కున్నాడు. కడగకుండా తను వదిలిన బండను కడుగుతూ పెదనాయన చచ్చాడు.

అధికారులు జీపెక్కి పోయారు. మేనేజరు రమ్మని సైగ చేసినా యతీశ్ అక్కడే ఉండిపోయాడు. జనం వాదులాడుకోసాగారు. అధికారుల కాళ్లు పట్టుకుందామన్నాడు పెద్దకాపరి నాగేశప్ప. ఎన్నాళ్లు పట్టుకుంటావని కుర్రవాళ్లు కేకలు వేశారు. ఆ గోలలో రిసార్టు వంటింట్లో పనిచేసే తిమ్మక్క నిలబడింది.

"వంటింట్లో నుంచి ఉప్పు మూట తీసిచ్చినది నేను. ఎందుకని అడగలేదు. అడిగితే పని పోతాదని బయం."

మోసినవాడి పేరు ఆమె చెప్పలేదు. అతని వైపు చూడను కూడా లేదు. ఆ చూడకపోవడమే యతీశ్‌ను ముందుకు తోసింది.

"మోసింది నేను," అన్నాడు. "మేనేజరు పెట్టమన్నాడు. ఉప్పుబండ సంగతి ఆయనకు చెప్పింది మాత్రం నేనే. పెదనాయన్ను నేనే సంపినాను."

"కొట్టండిరా నా కొడుకును!" జనం మీదికి వచ్చారు. అందరికంటే ముందు దొడ్డమ్మ చెయ్యి పడింది. టోపీ ఎగిరి మట్టిలో పడింది. చెన్నరాయప్ప అడ్డం దూరాడు. అతనూ ఆ ఊరివాడే, హోసూరులో బండ్ల పార్టులు చేసే కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు, యూనియను మనిషి.

"ఆగండప్పా! మా కంపెనీలో ప్రెస్సు మిషన్ కింద ఒక పిల్లోని వేళ్లు పోయినాయి. చెయ్యి అడ్డమొస్తే మిషన్ను ఆపే సెన్సర్ తీసెయ్‌మన్నోడు సూపర్‌వైజరు. తీసినోడు మా అట్లాంటి కూలోడే. మేమందరం ఆ కూలోన్ని కొట్టినాం. సూపర్‌వైజరు టీ తాగతా చూస్తా ఉండె. నేనూ కొట్టినా. ఇప్పుటికీ ఆ చెయ్యి చూసుకుంటే సిగ్గయితాది. మళ్లా అదే పని చేస్తామా?"

"అట్లని ఈన్ని వదిలేస్తామా?" అని గుంపులోంచి అరిచారెవరో.

"వదిలేది లేదు," అంది దొడ్డమ్మ. రొప్పుతోంది. "ఈన్ని నేను సచ్చేదాకా వదల్ను. పెట్టమన్నోన్నీ వదల్ను. రేపు పొద్దున అందురూ బిందెలు ఎత్తుకోని రాండి. నా మొగుని పని సగంలో ఆగిపోయుండాది."

తెల్లారేసరికి గట్టు నిండిపోయింది. కాపరులు మందలతో వచ్చారు. చెన్నరాయప్ప కబురు అంది, రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు యూనిఫారాలు కూడా మార్చకుండా హోసూరు నుంచి షేర్ ఆటోల్లో వచ్చారు. తిమ్మక్క వంటింటి ఆడవాళ్లను వెంటబెట్టుకొని దీవి దిగింది. పడవవాళ్లు పడవలన్నీ రేవులో కట్టేసి తెడ్లు గట్టున పడేశారు. బిందె వెంట బిందె నీళ్లు బండ మీద పడ్డాయి. యతీశ్ మోకాళ్ల మీద కూర్చొని చీపురుతో రుద్దాడు.

"నాకి చూడు," అంది దొడ్డమ్మ.

వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. "ఇంకా ఉప్పగానే ఉంది పెద్దమ్మా."

"అయితే ఇంకా కడుగు."

కడిగారు. తర్వాత అందరూ పోయి రేవులో కూర్చున్నారు. "గట్టు మాది! ఉప్పు ఎవరిది?" అన్న కేక నీళ్ల మీదుగా దీవికి తగిలింది. పాట ఆగింది. సామాన్లతో దీవిలోనే చిక్కుకుపోయిన అతిథులు ఆవలి రేవుకు వచ్చారు. వాళ్లలో మొన్న పడవలో అడిగినావిడా ఉంది. యతీశ్ లేచి, నోటి చుట్టూ చేతులు పెట్టి గట్టిగా చెప్పాడు.

"జాతర కాదు మేడమ్! మా పెదనాయన సచ్చిపోయినాడు. మీకు అబద్దం చెప్పినాను!"

పోలీసు జీపు వచ్చింది; ఎస్సై వెనకే మేనేజరూ దిగాడు. ఎవరిని పట్టుకోవాలో ముందే తెలిసి వచ్చినట్టు ఎస్సై నేరుగా యతీశ్ దగ్గరికి నడిచాడు. "అడవి జంతువుకు ఎర పెట్టానని ఊరందరి ముందు ఒప్పుకున్నావంట. ఎక్కు."

"ఔను సార్, పెట్టినా. పెట్టమన్నోడు మీ ఎనకాలే ఉన్నాడు."

మేనేజరు ఫోను చూసుకుంటూ పక్కకు తిరిగాడు. యతీశ్‌ను జీపులోకి తోశారు. దొడ్డమ్మ ఖాళీ బిందెతో జీపుకు అడ్డం నిలిచింది.

"వాడు నాకు చేసింది నేను అడగతా సారూ. మీరు చేసింది ఈడుండే వాళ్లందరం అడగతాం. యాడికి తీసకపోతారు వాన్ని?"

"కృష్ణగిరికి. జరుగు!"

"అయితే మేమూ ఆడికే వస్తాం."

జీపు ఆమెను తప్పించుకొని మట్టిరోడ్డు ఎక్కింది. యతీశ్ వెనక్కి చూశాడు. బిందెలు, కంబళ్లు, యూనిఫారాలు, వంటింటి ఏప్రాన్లు, అన్నీ కలిసి రోడ్డు మీదికి వచ్చేశాయి. ముందు దొడ్డమ్మ. పక్కన తిమ్మక్క. ఆ వరుసలో తనకు చోటు ఇంకా లేదని అతనికి తెలుసు. నోట్లో ఉప్పదనం అలాగే ఉంది.

"కృష్ణగిరి దాకా నడుస్తారా ఏంది వీళ్లు?" అన్నాడు కానిస్టేబులు.

"గొర్రెలోళ్లం సార్," అన్నాడు యతీశ్. "నడిచేదే మా పని."