మూడో కూత

డ్యాం సైరన్ మూడో కూతను ఒక వాలుగ చేప మింగేసి ఇవాళ్టికి ఆరు రోజులు.

గేట్లు ఎత్తే ముందు సైరన్ మూడుసార్లు కూయాలి. ఆ రోజు రెండుసార్లే వినపడింది. కదలడానికి నడుం కట్టిన నది మూడోది వినపడక ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. అప్పటినుంచి డ్యాం కింద ఏదీ రెండు దాటడం లేదు. కోడి రెండుసార్లు కూసి నోరు మూసుకుంటుంది. తుమ్ములు రెండే వస్తాయి. నదిలోకి రెండడుగులు వేయవచ్చు, మూడోది పడదు. తెడ్డు రెండుసార్లు పడుతుంది, తర్వాత నీళ్ళు ఒప్పుకోవు.

నది నడిమధ్యన పుట్టి పడవలో పైడమ్మ కూర్చుని ఉంది. ఒడ్డున ఆమె మొగుడు నూకయ్య గాలం కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. సముద్రం ఒడ్డు నుంచి వలసవచ్చి ఇరవై ఏళ్ళుగా ఈ డ్యాం కిందే చేపలు పడుతున్నారు ఇద్దరూ. ఇప్పుడు వాళ్ళ మధ్య ముప్ఫై బారల నీరుంది, తాడేసి లాగినా పుట్టిని వదలని నీరు.

పుట్టిలో ఒక గిన్నె చద్దన్నం ఉండేది. రోజుకు రెండు ముద్దలు చొప్పున పైడమ్మ తింటూ వచ్చింది. ఇవాళ్టితో సరి. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నూకయ్య గుండెల్లో భయం పెరుగుతోంది. అది ఎంత చోటు ఆక్రమించిందంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వీల్లేకుండా ఉంది.

తప్పు నూకయ్యదే, దాచడమెందుకు. రెండో కూతకూ మూడో కూతకూ మధ్య చేపలు పైకి లేస్తాయి. ఆ సందులో ఒక్క విసురు విసరనివాణ్ణి ఆ ఒడ్డున జాలరిగా లెక్కలోకి తీసుకోరు. ఆ రోజు పైడమ్మ పుట్టిలో వలలు తీసుకుని ఒడ్డుకు వస్తూ, "మావా, తాడిసురు" అని కేకేసింది. అతని ఒక చేతిలో తాడుంది, ఇంకో చేతిలో ఈక గాలం ఉంది. కొక్కేనికి కోడిపుంజు మెడ ఈక కట్టి నీటిమీద ఆడిస్తే, పురుగనుకుని చేప పట్టే గాలం అది. పెళ్ళాం ఎక్కడికి పోతుందిలే, చేపైతే పోతుంది అనుకున్నాడు మహానుభావుడు. గాలమే విసిరాడు. అప్పుడే సైరన్ నోట్లోంచి బయలుదేరిన మూడో కూత ఆ కొక్కేనికి తగులుకుని నీళ్ళలో పడింది. వాలుగ ఊరుకుంటుందా, మింగింది.

గేట్లు చూసుకునే లస్కరు మద్దిలేటి మెట్ల మీద నుంచి వస్తాడు.

"ఏమన్నా పడెనా నూకయ్యా?"

"నేదు బావూ. నువ్వే ఓపాలి గేటెత్తీయరాదా?"

"రెండు కూతలకు గేటెట్ల లేపేది? మెట్లు గూడా నేను రెండే దిగినా. మిగతావి అవే నన్ను దించినాయి."

నూకయ్య తల ఊపుతాడు. అందులో కాదనడానికి ఏముంది.

రోజుకు రెండు విసుర్లు. ఆరు రోజుల్లో పదకొండు అయిపోయాయి. నిలవ నీటిలో ఈక ఆడదు, చచ్చిన పురుగులా పడి ఉంటుంది. వాలుగ కిందనుంచి వస్తుంది, తీరిగ్గా చూస్తుంది, మీసం సవరించుకుని వెళ్ళిపోతుంది. ఇవాళ్టికి ఇంక ఒక్క విసురు మిగిలింది.

"మావా," అంటుంది పైడమ్మ పుట్టిలోంచి. "అదీ సేపకేసే ఇసురుతావేటి?"

"మరేటి సేయమంతావే? కూత దాని కడుపులోనే గదా ఉంది."

"నాకేసి ఇసురు. నా రెండిసుర్లూ అలాగే ఉన్నాయి. ఆడోళ్ళు ముడితే ఈక పాడవుద్దని నువ్వెప్పుడు గాలం ముట్టనిచ్చావు?"

నూకయ్య సిగ్గుపడతాడు. ఇది విసిరేస్తే ఇంక అతని చేతిలో ఏమీ ఉండదు. అయినా, ఆ రోజు తాడు విసరవలసినట్టే, సరిగ్గా ఆమె చేతిని చూసి విసురుతాడు. దారం ముప్ఫై బారలూ సాగి పైడమ్మ అరచేతిలో వాలుతుంది.

ఆమె ఈకను అటూ ఇటూ తిప్పి చూస్తుంది. "కదలని నీటికి ఇంత ఈకేటి, పెళ్ళికెల్తందా" అని సగానికి పైగా పళ్ళతో కొరికి ఉమ్మేస్తుంది. మొదటి విసురు కావాలనే తప్పుగా వేస్తుంది. అది చూసి నవ్వుకోవడానికి వాలుగ పైకి వస్తుంది. రెండోది దాని మూతి ముందు పెట్టి, దారాన్ని గోటితో మెల్లగా మీటుతుంది. ఈక ఊపిరి తీసుకున్నట్టు కదులుతుంది. వాలుగ పట్టుకుంటుంది.

"నోరు తెరువమ్మా, నొప్పెట్టనీనులే" అంటుంది పైడమ్మ. చేప తెరుస్తుంది. ఆమె కొక్కెం తీయగానే మూడో కూత బయటికి వస్తుంది. ఆరు రోజులు నాని కొంచెం సన్నబడింది గానీ, ఎక్కడా తెగలేదు.

"మూడయినాయి" అంటాడు మద్దిలేటి. అతను పైకి వెళ్ళి గేటు ఎత్తుతాడు.

గేటు వెనక నీళ్ళు లేవు, మెట్లున్నాయి. వాటిమీద వాలుగ చేపలు వరసగా దిగి వస్తున్నాయి. ఒక్కొక్కదాని తల మీద చుట్టకుదురు, దానిమీద నీళ్ళ బిందె. ప్రతి చేపా నదిలో తన బిందె వంచి పక్కకు తప్పుకుంటుంది. బిందెకు ఒక బార చొప్పున పుట్టి ఒడ్డువైపు జరుగుతుంది. ముప్ఫయ్యో బిందెకు అంచు ఇసుకను తాకుతుంది.

పైడమ్మ దిగుతుంది. ఒక అడుగు, రెండో అడుగు. నూకయ్య వేళ్ళ మీద లెక్కపెడతాడు. మూడో అడుగు కూడా పడుతుంది.

అమ్మయ్య అనుకుంటాడు నూకయ్య. ఆమె మణికట్టు పట్టుకుంటాడు, వదలడు.

"ఏడుస్తావేటి? వొచ్చీసినాను గదా."

"వొచ్చీసినావనే. ఆరు దినాలు ఆపుకున్నాను."

కూత మింగిన వాలుగ నీళ్ళలోంచి ఒడ్డుకు వస్తుంది. దాని మూతి ఇంకా వాచి ఉంది. అది ముప్ఫయ్యో చేప దగ్గర ఖాళీ బిందె అడిగి తీసుకుని నూకయ్య గుండెల కింద పెడుతుంది. ఆరు రోజుల భయం అతని ఛాతీలోంచి చల్లగా, ధారగా దిగి బిందెలో పడుతుంది. మెడదాకా నిండుతుంది. నూకయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటాడు, అన్నీ పడతాయి.

"ఇంకేమన్నా ఉందా?" అని చేప అడుగుతుంది.

నూకయ్య లోపల వెతుక్కుని చూస్తాడు. "నేదు" అంటాడు.

పైడమ్మ సాయం పట్టి బిందెను దాని తలకెత్తుతుంది. చేప ఒక చేత్తో బిందె పట్టుకుని, ఇంకో చేత్తో మీసం సవరించుకుని, ఒక్క బొట్టు తొణకకుండా మెట్లన్నీ ఎక్కి వెళ్తుంది. మద్దిలేటి దాని వెనక గేటు దించుతాడు.