మాయ పడేదాకా

ఇంకా పడలేదట, బిడ్డ వెంట పడాల్సిన మాయ ఇంకా పడలేదట, ఆ ఒక్క ముక్క చెప్పి నర్సు తలుపేసుకుంది, బిడ్డ ఏడుపు వినపడి ఎంతసేపైంది, ఆడపిల్లండీ, బంగారంలా ఉంది అన్నారు, చేతికి మాత్రం ఇవ్వలేదు, లోపల నీహారిక ఎలా ఉందో, రక్తం పోతోందా, పోతే పోతోందని చెప్పరేం, గ్లోరి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది, ప్రభువా, నా కూతుర్ని కాపాడు, ఎదురు బెంచీ మీద వెంకాయమ్మ, వియ్యపురాలట వియ్యపురాలు, కొడుకు పెళ్లికి రాని మనిషి, కులం కాదు, మతం కాదు, బయటిదాన్ని తెచ్చి నా నెత్తిన పెట్టాడు మావాడు అని విస్సన్నపేట బజార్లో నలుగురి ముందూ అన్న మనిషి, ఇవాళ మాత్రం మొదటి బస్సుకే తిరువూరులో దిగింది, ఒళ్లో ఆ గుడ్డసంచి, పొద్దుటినుంచీ కింద పెట్టదు, ఏముందో అందులో, దిష్టి తీయడానికి నిమ్మకాయలో, మనవరాల్ని చుట్టి ఎత్తుకుపోవడానికి పొత్తిగుడ్డలో, పోతావా తల్లీ, నా పిల్లని కాన్పుబల్ల మీద వదిలేసి.

డాక్టరమ్మ వచ్చింది, కంగారు పడకండి మేడం, చూస్తున్నాం, లేదంటే విజయవాడ తీసుకెళ్లాలి, ఆ మాటకే అల్లుడు విశ్వతేజ అంబులెన్సు కోసం పరుగెత్తాడు, విజయవాడంటే ఎంత దారి, ఎ.కొండూరు దాటేసరికే, ఛీ, ఏం ఆలోచనలివి, మొన్న కాలేజీలో ఇంటర్ పిల్లలకి తను చెప్పిన పాఠం వద్దన్నా బుర్రలో తిరుగుతోంది, మన జన్యువుల్లో ఉన్నచోట ఉండని ముక్కలుంటాయర్రా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతుతాయి, నకళ్లు తీసుకుని మరోచోట దూరతాయి, మన డీఎన్ఏలో దాదాపు సగం అలా వచ్చిందే, అంటే ఆ కోతివెధవ జోజిబాబు, అయితే మనలో సగం అద్దెకున్నోళ్లేనా మేడం అన్నాడు, క్లాసంతా గొల్లుమంది, తనూ నవ్వి, అద్దెకొచ్చినవాళ్లు కొన్నిసార్లు ఇల్లు పాడుచేస్తారు, రోగాలు తెస్తారు, కొన్నిసార్లు ఇంటినే నిలబెడతారు, కోట్ల ఏళ్ల కిందట ఓ వైరస్ జొరబడి ఉండిపోయింది, దాని జన్యువే ఇవాళ తల్లికీ బిడ్డకీ మధ్య మాయ పొర అల్లుతోంది, అది రాకపోతే మీరెవరూ లేరు అంది, ఎంత గొప్పగా చెప్పింది, ఇప్పుడా మాయే తన పిల్ల ప్రాణం పట్టుకుని వదలట్లేదు, అల్లుకోవడం చెప్పింది గానీ వదలడం చెప్పలేదేం ఆ పాఠంలో.

తలుపు తెరుచుకుంది, నర్సు నవ్వుతోంది, పడిందమ్మా, పూర్తిగా వచ్చేసింది, అమ్మాయి బాగానే ఉంది, స్తోత్రం తండ్రీ, స్తోత్రం, కళ్ల నిండా నీళ్లు, ఆ నీళ్లలోంచే వెంకాయమ్మ లేవడం, సంచిలోంచి పసుపు రాసిన కొత్త కుండ తీయడం, ఆ మాయ పారేయకమ్మా, ఇందులో పెట్టివ్వు, మా దొడ్లో పూడ్చుకోవాలి, మావాడిదీ అక్కడే పూడ్చాం, అని నర్సుని బతిమాలడం, అయితే పొద్దుటినుంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది దీన్నా, ఆ దొడ్లో ఆ ఇంటి బిడ్డలది తప్ప ఇంకెవరిదీ పూడ్చరు కదా, నిమ్మకాయలనుకుంది తను, వదినగారూ, ఎవర్ని పిలుస్తోంది, తననే, వదినగారూ, కాస్త ఈ మూత పట్టుకోండి, నాకు చేతులాడట్లేదు, గ్లోరి లేచి రెండు చేతులా పట్టుకుంది, ఏ వైరస్ ఎన్ని కోట్ల ఏళ్లకి మన ఇంటిదైందో పిల్లలకి చెబుతుంది గానీ, తన కూతురు మాత్రం ఆ ఇంటిదైంది ఇవాళే.